ఎవరు చంపారో ముందే తెలిసిన కథ

డిటెక్టివ్ నవల్లో మనల్ని చివరిదాకా లాక్కెళ్ళేది ఒకే ఒక్క ప్రశ్న: ఎవరు చేశారు? కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ నవలలు అద్దెకి తెచ్చుకుని చదివిన మా నాన్నగారి తరానికైనా, అగాథా క్రిస్టీని ఫోన్లో చదివే మా తరానికైనా ఆట ఒకటే. రచయిత దాస్తాడు, మనం వెతుకుతాం, ఆఖరి అధ్యాయంలో అందర్నీ ఒక గదిలో కూచోబెట్టి గుట్టు విప్పుతారు. పుస్తకం మూశాక హంతకుడి తెలివి గుర్తుంటుంది, డిటెక్టివ్ తెలివి గుర్తుంటుంది. చచ్చిపోయినవాడి పేరు మాత్రం రెండో రోజుకే మర్చిపోతాం. ఆటకి ఒక శవం కావాలి కాబట్టి అతను చచ్చిపోయాడు, అంతే.

నిజంగా జరిగిన హత్య మీద సాహిత్యస్థాయిలో రాసిన పుస్తకం ఈ ఆటని మొదట్లోనే పాడుచేస్తుంది. ట్రూమన్ కపోటి ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ తెరిచిన కాసేపటికే ఎవరు చచ్చిపోతారో తెలిసిపోతుంది, ఎవరు చంపుతారో తెలిసిపోతుంది, చంపినవాళ్ళు కూడా మిగలరని తెలిసిపోతుంది. అయినా 300కి పైగా పేజీలు వదలకుండా చదువుతాం. నేను రెండుసార్లు చదివాను. “ఇలాంటివి ఎలా చదువుతావు, రాత్రి నిద్ర పడుతుందా?” అని ఇంట్లో అడుగుతుంటారు. నిద్ర సంగతి తర్వాత. నిజంగా నలుగురు మనుషులు చచ్చిపోయిన రాత్రి గురించి చదువుతూ “అబ్బ, ఎంత బాగా రాశాడు” అనుకోవడం ఏమిటి? ఆ బాగుండటంలో మన వాటా ఎంత? నాకు తేలాల్సింది ఇది.

కథ తెలియనివారికోసం క్లుప్తంగా. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం పశ్చిమాన హోల్కమ్ అనే ఊరు. కపోటి లెక్కలో 270 మంది జనం. గోధుమ పొలాలు, రైలు పట్టాలు, ధాన్యం నిలవచేసే ఎత్తైన గాదెలు. ఆ ఊళ్ళో హెర్బ్ క్లట్టర్ అనే పెద్ద రైతు. 1959 నవంబర్ 15, ఆదివారం తెల్లవారకముందు అతన్నీ, భార్య బానీనీ, 16 ఏళ్ళ కూతురు నాన్సీనీ, 15 ఏళ్ళ కొడుకు కెన్యన్‌నీ కాళ్ళూ చేతులూ కట్టేసి తుపాకీతో కాల్చి చంపారు. చంపినవాళ్ళు పెర్రీ స్మిత్, డిక్ హికాక్, పెరోల్ మీద బయట ఉన్న ఇద్దరు పాత ఖైదీలు. జైల్లో ఉండగా, ఒకప్పుడు ఆ పొలంలో పనిచేసిన ఖైదీ ఒకడు క్లట్టర్ ఇంట్లో ఇనప్పెట్టె ఉంటుందనీ, అందులో 10,000 డాలర్లుంటాయనీ హికాక్‌కి చెప్పాడు. వీళ్ళు రాష్ట్రం ఆ కొస నుంచి 400 మైళ్ళకి పైగా కారు నడుపుకుని వెళ్ళారు. ఇనప్పెట్టె లేదు. క్లట్టర్ ఇంట్లో డబ్బుంచుకోడు, ఎవరికైనా చెక్కే రాస్తాడని ఊరందరికీ తెలుసు. వాళ్ళకి దొరికింది 40, 50 డాలర్ల మధ్య, ఒక బైనాక్యులర్స్, ఒక చిన్న రేడియో. డిసెంబర్ 30న లాస్‌వేగస్‌లో దొరికిపోయారు. 1965 ఏప్రిల్ 14న ఇద్దర్నీ ఉరితీశారు.

న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన చిన్న వార్త చూసి కపోటి అక్కడికి వెళ్ళాడు. తోడుగా చిన్ననాటి స్నేహితురాలు హార్పర్ లీ. ఆవిడ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ అప్పటికింకా అచ్చు కాలేదు, మరుసటి ఏడాది వచ్చింది. ఊరివాళ్ళు కపోటిని చూసి మొదట బిగుసుకుపోతే, వాళ్ళ వంటిళ్ళలోకి దారి చేసింది ఎక్కువగా హార్పర్ లీయే. పుస్తకం 1965లో న్యూయార్కర్ పత్రికలో నాలుగు భాగాలుగా, 1966లో పుస్తకంగా వచ్చింది. దీన్ని కపోటి ‘నాన్‌ఫిక్షన్ నవల’ అన్నాడు.

ఇక అసలు ప్రశ్న. “ఎవరు” అన్నది లేకపోయినా మనల్ని లాగేదేమిటి?

మొదటి భాగాన్ని కపోటి రెండు దారాలుగా అల్లాడు. ఒకటి క్లట్టర్ కుటుంబం ఆఖరి శనివారం. నాన్సీ పక్కింటి పిల్లకి చెర్రీ పై చెయ్యడం నేర్పిస్తుంది. కెన్యన్ అక్క పెళ్ళికి కానుకగా చెక్కపెట్టె తయారుచేస్తుంటాడు. మధ్యాహ్నం ఇన్సూరెన్స్ ఏజెంట్ వస్తే హెర్బ్ 40,000 డాలర్ల పాలసీకి చెక్కు రాసిస్తాడు. రాత్రి పడుకోబోయే ముందు నాన్సీ మర్నాడు చర్చికి వేసుకోవాల్సిన ఎర్ర వెల్వెట్ గౌను తీసి పెట్టుకుంటుంది. తర్వాత ఆ అమ్మాయిని ఆ గౌనులోనే పాతిపెట్టారు. రెండో దారం ఆ ఇంటివైపు వస్తున్న కారు. తాడు కొంటారు, టేపు కొంటారు, దార్లో భోజనం చేస్తారు. ఒక పేరా ఇల్లు, ఒక పేరా కారు. సినిమాల్లో ఇంటర్‌కట్ అంటారే, అది. కానీ సినిమాలో హీరో సమయానికి వస్తాడేమోనన్న ఆశ ఉంటుంది. ఇక్కడ అది లేదు. అందుకని చెర్రీ పైని చూస్తాం, గౌనుని చూస్తాం. మామూలు నవల్లో పేజీ తిప్పేసే వివరాలివి. చావు ముందే తెలియడం వల్ల ప్రతి చిన్న పనికీ బరువు వచ్చింది. ఆ చెక్కు మీద సంతకం అతని ఆఖరి సంతకాల్లో ఒకటని అతనికి తెలీదు, మనకి తెలుసు. ఈ రకం పుస్తకాల మొదటి ఆకర్షణ ఇదే అనుకుంటాను: రోజువారీ బతుకుని శ్రద్ధగా చూడటం. మన రోజుని మనం ఎప్పుడూ అలా చూసుకోం.

ఇంకో నేర్పు ఉంది. ఇల్లు సమీపించింది, కారు లైట్లు ఆర్పారు. మనం ఊపిరి బిగబట్టాం. సరిగ్గా అక్కడ కపోటి హత్యని దాటేస్తాడు. తర్వాతి దృశ్యంలో తెల్లారింది, చర్చికి వెళ్ళే స్నేహితురాళ్ళు నాన్సీ కోసం వచ్చారు. ఆ రాత్రి లోపల ఏం జరిగిందో మూడో భాగం దాకా తెలియదు. అక్కడైనా రచయిత చెప్పడు. లాస్‌వేగస్ నుంచి తీసుకొస్తున్న పోలీసు కార్లో పెర్రీ చెప్తాడు. అంటే “ఎవరు” స్థానంలో కపోటి “లోపల ఏం జరిగింది, ఎందుకు జరిగింది” అన్న రెండు ప్రశ్నలు పెట్టి వాటి జవాబుని దాచాడు. ఆట మానేసినట్టు కనబడుతూనే కొత్త ఆట మొదలెట్టాడన్నమాట.

ఈ “ఎందుకు” దగ్గర నా ఉద్యోగం గుర్తొస్తుంది. సర్వర్లు పడిపోయి మళ్ళీ లేచాక మేం ఒక డాక్యుమెంట్ రాస్తాం. విచిత్రంగా దాని పేరు కూడా పోస్ట్‌మార్టమే. ఎన్నింటికి ఏం జరిగిందో టైమ్‌లైన్ వేస్తాం, తర్వాత “ఎందుకు?” అని వరసగా ఐదుసార్లు అడుగుతాం. ఐదో జవాబు దగ్గర రూట్ కాజ్ దొరకాలి. దొరికితే టికెట్ మూసేసి ఇంటికి పోవచ్చు. ‘ఇన్ కోల్డ్ బ్లడ్’కి ఈ పద్ధతి పెట్టి చూడండి. ఆ ఇంటికే ఎందుకు వెళ్ళారు? ఖైదీ చెప్పాడు కాబట్టి. డబ్బు లేదని తెలిశాక వెంటనే ఎందుకు పోలేదు? హికాక్ నమ్మలేదు కాబట్టి. ఎందుకు చంపారు? సాక్షులు మిగలకూడదని ముందే అనుకున్నారు కాబట్టి. మరి సాక్షుల్ని చంపేవాళ్ళు, హెర్బ్‌కి బేస్‌మెంట్ నేల చల్లగా ఉంటుందని పరుపు తాలూకు అట్టపెట్టె పరిచి దానిమీద ఎందుకు పడుకోబెట్టారు? కెన్యన్ తలకింద దిండెందుకు పెట్టారు? జవాబు లేదు. ఆయన మర్యాదస్తుడనే అనుకున్నానని, గొంతు కోసే నిమిషం దాకా అలాగే అనుకున్నానని పెర్రీ అంటాడు. ఐదో “ఎందుకు”కి వచ్చిన జవాబు అది. దాంతో ఏ టికెట్టూ మూయలేం.

కపోటి కారణాలు ఇవ్వలేదని కాదు, కుప్పలుగా ఇచ్చాడు. పెర్రీ బాల్యం మొత్తం ఇచ్చాడు. రోడియోల్లో గుర్రాల మీద ఆటలాడే తల్లిదండ్రులు, తాగుడుకి బానిసైన తల్లి, అనాథాశ్రమంలో దెబ్బలు, తోబుట్టువుల్లో ఇద్దరి ఆత్మహత్యలు, మోటార్‌సైకిల్ ప్రమాదంలో నలిగిన కాళ్ళు, ఆ నొప్పికి గుప్పిళ్ళతో ఆస్పిరిన్, ఒక గిటారు, నిధుల మ్యాపులు. అన్నీ కలిపినా ఆ బేస్‌మెంట్‌లో ఆ నిమిషానికి సరిపోవు. ఇంతకన్నా దరిద్రమైన బాల్యాలు అనుభవించి ఎవర్నీ చంపనివాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఆఖరికి ఎవరు ఎవర్ని కాల్చారన్నది కూడా పెర్రీ ఒకసారి ఒకలా, తర్వాత మరోలా చెప్పాడు. మొదట ఆడవాళ్ళిద్దర్నీ హికాక్ కాల్చాడన్నాడు. తర్వాత నలుగుర్నీ నేనే కాల్చానన్నాడు, హికాక్ తల్లి బాధపడకూడదని. ఎవరు చంపారో తెలిసిన కథ అన్నాను కదా, అంత లోపలికి వెళ్తే అదీ పూర్తిగా తెలీదు.

ఈ రకం పుస్తకాల్లో నన్ను నిజంగా పట్టేసేది ఇదే. వార్తాపత్రికకి కారణం దొరుకుతుంది: డబ్బు కోసం హత్య. కోర్టుకి కారణం అక్కర్లేదు, దోషి చాలు. టీవీలో ‘నేరాలు-ఘోరాలు’ లాంటి కార్యక్రమాలకి ఒక నీతి దొరుకుతుంది, చూశారుగా జాగ్రత్తగా ఉండండి అని. సాహిత్యం మాత్రం కారణాలన్నీ వరసగా పేర్చుకుంటూ వెళ్ళి చివర్లో మిగిలిన ఖాళీని మనకి చూపిస్తుంది. ఆ ఖాళీ భయపెడుతుంది, వదిలిపెట్టదు కూడా.

ఒక రకంగా ఈ పుస్తకం రెండో కోర్టు. 1960 మార్చిలో గార్డెన్ సిటీలో విచారణ జరిగింది. జ్యూరీ తీర్పుకి గంట కూడా పట్టలేదు. అప్పటి కాన్సస్ చట్టం ప్రకారం మనోవైద్యుణ్ణి అడగాల్సిందొక్కటే: నేరం చేసేటప్పుడు తప్పొప్పులు తెలుసా లేదా? హికాక్ విషయంలో తెలుసన్నాడు. స్మిత్ విషయంలో అభిప్రాయం చెప్పలేనన్నాడు. అంతకుమించి వివరించే అవకాశం ఇవ్వలేదు. అక్కడ కపోటి విచారణని ఆపేసి, ఆ డాక్టర్ని మాట్లాడనిస్తే ఏం చెప్పేవాడో పేజీలకొద్దీ ఇస్తాడు. కోర్టు రికార్డులోకి ఎక్కనిది పుస్తకంలోకి ఎక్కింది. నేరమయ రచనల్లో సాహిత్యం చెయ్యగల మంచి పని ఏదని అడిగితే ఈ పేజీలు చూపిస్తాను. ఉరిశిక్ష మీద ఒక్క ముక్క ఉపన్యాసం లేకుండానే, ఆఖరి భాగం చదివాక ఉరికంబం గురించి ముందులా మాట్లాడలేం.

ఇక్కడిదాకా పొగడ్త. ఇప్పుడు లెక్కలు తేలాలి.

కపోటి నోట్సు రాసుకునేవాడు కాదు, టేప్‌రికార్డర్ వాడేవాడు కాదు. సంభాషణలు తొంభై శాతం పైగా యథాతథంగా గుర్తుంటాయని చెప్పుకునేవాడు. పుస్తకంలో ప్రతి అక్షరం నిజమన్నాడు. 1966 జూన్‌లోనే ఎస్క్వైర్ పత్రికలో ఫిలిప్ టాంప్కిన్స్ కాన్సస్ వెళ్ళి సరిచూసి లోపాలు బయటపెట్టాడు. నాన్సీ ముసలి గుర్రం వేలంలో తక్కువ ధరకి పోయిందనీ, కొన్నవాడు పొలం దున్నడానికి వాడతానన్నాడనీ పుస్తకం చెప్తుంది. చదువుతుంటే గుండె కలుక్కుమంటుంది. నిజానికి అంతకన్నా ఎక్కువ ధరకే ఊరి మనిషే కొన్నాడట. ఉరికంబం దగ్గర పెర్రీ క్షమాపణ చెప్పాడని పుస్తకం. అక్కడే ఉన్న స్థానిక పత్రికా సంపాదకుడు తాను వినలేదన్నాడు. డిటెక్టివ్ ఆల్విన్ డ్యూయీ కొన్నేళ్ళ తర్వాత సమాధుల దగ్గర నాన్సీ స్నేహితురాలిని కలుసుకోవడం, ఆ అమ్మాయి పెద్దదై కళకళలాడుతూ నడిచి వెళ్ళిపోవడం అనే చివరి దృశ్యం పూర్తిగా కల్పితమని కపోటి జీవితచరిత్ర రాసిన జెరాల్డ్ క్లార్క్ చెప్పాడు. 2013లో వాల్ స్ట్రీట్ జర్నల్ ఇంకో సంగతి రాసింది. జైలు నుంచి సమాచారం రాగానే డ్యూయీ తన మనిషిని హికాక్ ఇంటికి పరుగెత్తించాడని పుస్తకంలో ఉంటే, దర్యాప్తు కాగితాల్లో అందుకు ఐదు రోజులు పట్టినట్టుంది. డ్యూయీ కపోటికి బాగా సహకరించిన మనిషి.

“నవల అన్నాడుగా, కొంత కల్పన ఉంటే ఏమిటి?” అని అడగొచ్చు. నాకు కల్పనతో పేచీ లేదు. రావిశాస్త్రి విశాఖలో వకీలు. కోర్టుల్లో, పోలీసు స్టేషన్లలో చూసిన మనుషుల్ని ‘ఆరు సారా కథలు’లోకి తెచ్చాడు. అందులో ఎవరి అసలు పేరేమిటని ఎవరం అడగం, అడగాల్సిన అవసరమూ లేదు. అది కథ అని ఆయనా చెప్పాడు, మనమూ ఒప్పుకున్నాం. కపోటి మనతో చేసుకున్న ఒప్పందం వేరు. ఇవి నిజమైన పేర్లు, నిజమైన సమాధులు, నిజమైన ఇల్లు అన్నాడు. నాన్సీ గౌను దగ్గర నా గొంతులో ఏదో అడ్డం పడిందంటే అది నిజంగా జరిగిందన్న నమ్మకంతోనే. ఆ నమ్మకాన్ని వాడుకుని గుర్రం ధర తగ్గించినప్పుడు నా కన్నీటి లెక్కలో ఎవరో దిద్దుబాటు చేసినట్టనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, పుస్తకంలో బలహీనమైన చోట్లు దాదాపు ఆ దిద్దుబాట్లే. ఆ సమాధుల దృశ్యం ఎంత నున్నగా ఉందో చూడండి. బతుకు సాగిపోతుంది, గోధుమ చేలల్లో గాలి వీస్తుంది, సరే. అట్టపెట్టె అంత నున్నగా లేదు. అది ఎందులోనూ ఇమడదు. అందుకే నిజమని నమ్ముతాం.

కల్పన కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది పేజీల పంపకం. ఈ పుస్తకం చదివినవాళ్ళని పెర్రీ గురించి అడగండి. కాళ్ళ నొప్పి దగ్గర్నుంచి కలలో వచ్చే పసుపుపచ్చ పక్షి దాకా చెప్తారు. కెన్యన్ గురించి అడగండి. కళ్ళజోడు, చెక్కపెట్టె, అక్కడితో ఆగిపోతారు. కపోటి మీద ఇందులో పూర్తిగా నింద వెయ్యలేం. పెర్రీ ఐదేళ్ళపాటు మాట్లాడటానికి బతికున్నాడు, ఉత్తరాలు రాశాడు. కెన్యన్ ఒక్క ప్రశ్నకీ జవాబు చెప్పలేడు. హత్యలో హంతకుడు తీసుకుపోయేవాటిలో ఇదీ ఒకటి. చచ్చిపోయినవాడి తరఫు కథ అతనితోనే పోతుంది, చంపినవాడి కథ మిగులుతుంది. రాసేవాడు ఎంత మంచివాడైనా దొరికిన మెటీరియల్ వైపే ఒరుగుతాడు. అందుకే క్లట్టర్ కుటుంబం గోడకి తగిలించిన ఫోటోలా, మంచివాళ్ళుగా, చదునుగా ఉండిపోయింది. బానీని మంచం పట్టిన దిగులు మనిషిగా చూపించారని బతికున్న కుటుంబసభ్యులు నొచ్చుకున్నారు. ఆ మాటకి ఏం జవాబు చెప్తాం? వాళ్ళమ్మ గురించి మనకన్నా వాళ్ళకే ఎక్కువ తెలుసు.

పైగా కపోటికి ముగింపు కావాలి. అప్పీళ్ళతో ఉరి వాయిదా పడుతుంటే పుస్తకం ఆగిపోయింది. ఆ ఎదురుచూపులో అతనెంత అసహనంగా ఉన్నాడో అతని ఉత్తరాలే చెప్తాయి. వాళ్ళు బతికితే పుస్తకం పూర్తికాదు. వాళ్ళేమో అతన్ని స్నేహితుడనుకున్నారు. 1966లోనే కెనెత్ టైనన్ అనే విమర్శకుడు సూటిగా అడిగాడు, వాళ్ళని కాపాడటానికి నువ్వు చెయ్యగలిగిందంతా చేశావా అని. కపోటి మండిపడ్డాడు. ప్రశ్న మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. అంత పెద్ద పుస్తకంలో ఎక్కడా “నేను” అన్న మాట లేదు. ఐదేళ్ళు హంతకుల పక్కన కూచున్న మనిషి పుస్తకంలో లేడు.

ఆ లేని మనిషి గురించే ఎమాన్యుయెల్ కారెర్ 2000లో ‘ది అడ్వర్సరీ’ రాశాడు అనిపిస్తుంది. ఇది ఫ్రాన్సులో జరిగింది. జాన్-క్లోద్ రొమాన్ 1993 జనవరిలో భార్యనీ, ఇద్దరు చిన్న పిల్లల్నీ, తల్లిదండ్రుల్నీ చంపాడు. జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థలో డాక్టరని 18 ఏళ్ళుగా అందరూ నమ్మిన మనిషి అతను. మెడిసిన్ రెండో ఏడు పరీక్షకి హాజరే కాలేదు. పొద్దున్నే తయారై కార్లో బయల్దేరి, పార్కింగ్ స్థలాల్లో కూచుని, అడవుల్లో తిరిగి సాయంత్రం ఇంటికొచ్చేవాడు. జెనీవా బ్యాంకుల్లో మదుపు పెడతానని బంధువులు ఇచ్చిన డబ్బుతో సంసారం నడిపాడు. ఆ డబ్బు అడిగే రోజు దగ్గరపడింది.

ఈ పుస్తకం చదువుతున్నప్పుడు నాకు కాన్సస్ కన్నా ఎక్కువ చలి పుట్టింది. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక రోజూ ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయల్దేరేవాళ్ళ కథలు మా రంగంలో వింటూనే ఉంటాం. లేఆఫ్ అయినవాడు నెలల తరబడి “వర్క్ ఫ్రమ్ హోమ్” అంటాడు. బెంచ్ మీదున్నవాడు ఊళ్ళో వాళ్ళ నాన్నకి ప్రాజెక్ట్ పేరు చెప్తాడు. వాళ్ళెవరూ ఎవర్నీ చంపరు. కానీ “మావాడు డాక్టరు” అన్న తల్లిదండ్రుల మాట ఎంత బరువో వాళ్ళకి తెలుసు. 18 ఏళ్ళలో ఎవరైనా ఒక్కసారి ఆఫీసుకి ఫోన్ చేసి ఉంటే కథ అక్కడితో ఆగిపోయేది. ఎవరూ చెయ్యలేదు. భార్య కూడా.

కారెర్ మొదట ఈ కథని కపోటి పద్ధతిలోనే, తాను కనబడకుండా రాయాలని చూశాడు. ఏళ్ళ తరబడి కుదరలేదు. చివరికి “నేను” అని మొదలెట్టాడు: ఆ హత్యలు జరిగిన పొద్దున తాను తన కొడుకు స్కూల్లో తల్లిదండ్రుల మీటింగులో ఉన్నానని. అక్కణ్ణించి పుస్తకమంతా రచయిత కనబడుతూనే ఉంటాడు. హంతకుడికి ఉత్తరం రాయడానికి ఎంత సిగ్గుపడ్డాడో, అతని దగ్గర్నుంచి జవాబు రావడానికి రెండేళ్ళు పడితే ఏమనుకున్నాడో, కోర్టులో అతని పక్షం వాడిలా కనబడటం ఎలా ఉందో అన్నీ చెప్తాడు. తెలియనిచోట తెలియదంటాడు. కపోటి తనని తాను పుస్తకంలోంచి తుడిచేసుకోవడం నిజాయితీ కాదని కారెర్ తర్వాత ఇంటర్వ్యూల్లో కూడా అన్నాడు. ఇందులో చనిపోయినవాళ్ళు పూర్తిగా కనిపిస్తారా అంటే, కనిపించరు. కానీ వాళ్ళు కనిపించడంలేదని మనకి తెలుస్తుంది. ‘ఇన్ కోల్డ్ బ్లడ్’లో అదీ తెలియదు.

“నేను” అని రాసినంతమాత్రాన పాపం పోదు. జెనెట్ మాల్కమ్ ‘ది జర్నలిస్ట్ అండ్ ది మర్డరర్’ (1990) చదివితే ఆ భ్రమ కూడా తీరిపోతుంది. భార్యాపిల్లల్ని చంపాడన్న కేసులో జెఫ్రీ మెక్‌డొనాల్డ్ విచారణ ఎదుర్కొంటున్నప్పుడు జో మెక్‌గినిస్ అనే రచయిత అతని బృందంలో ఒకడిగా చేరాడు. శిక్ష పడ్డాక కూడా జైలుకి స్నేహపూర్వకమైన ఉత్తరాలు రాశాడు. 1983లో వచ్చిన ‘ఫేటల్ విజన్’లో మాత్రం అతన్ని కరుడుగట్టిన హంతకుడిగా చూపించాడు. శిక్ష అనుభవిస్తున్న ఖైదీ రచయిత మీద దావా వేశాడు. జ్యూరీ ఒక నిర్ణయానికి రాలేకపోయింది, చివరికి 3,25,000 డాలర్లకి రాజీ కుదిరింది. హత్య రుజువైన మనిషి కన్నా అతన్ని నమ్మించిన రచయితే ఎక్కువ మోసగాడని జ్యూరీలో చాలామందికి అనిపించింది! మాల్కమ్ వాదన కఠినమైంది: ఇది ఒక్క మెక్‌గినిస్ తప్పు కాదు, ఈ పనిలోనే ఉంది. ఒకరు నమ్మి మాట్లాడతారు, ఇంకొకరు ఆ నమ్మకాన్ని అమ్ముకుంటారు. నాకు ఆవిడ మాట పూర్తిగా మింగుడుపడదు. అలాగైతే నిజమైన మనుషుల గురించి ఏమీ రాయకూడదు. కానీ ఈ మూడు పుస్తకాలూ వరసగా చదివాక, కొనుక్కుని చదివే నేను ఆ అమ్మకంలో మూడో మనిషినని మాత్రం ఒప్పుకోక తప్పదు.

మన దగ్గర ఈ రకం పుస్తకాలు ఎందుకు తక్కువ అని ఆలోచిస్తే ఒక సంగతి తోస్తుంది. కపోటికి దొరికిన హత్యలో చంపినవాళ్ళకీ చచ్చిపోయినవాళ్ళకీ ముందు ఏ సంబంధమూ లేదు. అందుకే “ఎందుకు” అన్నది అంత పెద్ద రహస్యమైంది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఇక్కడ “ఎందుకు” రహస్యమే కాదు. ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. హంతకుడి బాల్యం తవ్వి చూపిస్తే అది సాహిత్యం అనిపించుకోదు, ఎగతాళి అవుతుంది. అందుకే అవి పాటలుగా, కవిత్వంగా, నిజనిర్ధారణ నివేదికలుగా వచ్చాయి. హంతకుడి మనసులోకి తొంగిచూడటం అన్నిచోట్లా గొప్ప పని కాదని, కొన్నిచోట్ల అది ఒక సౌకర్యమని మన చరిత్రే చెప్తోంది.

అలాగని ఆ పద్ధతి మనకి అక్కర్లేదనీ అనలేను. 1993 మార్చి 8న చిలకలూరిపేట వెళ్తున్న బస్సులో ప్రయాణికుల్ని దోచుకోవడానికి పెట్రోలుతో ఎక్కిన ఇద్దరు దళిత యువకుల వల్ల బస్సు తగలబడి 23 మంది చనిపోయారు. ఇద్దరికీ ఉరిశిక్ష పడింది, సుప్రీంకోర్టులోనూ ఖాయమైంది. పౌరహక్కులవాళ్ళు, రచయితలు ఉరి వద్దని పెద్ద ఉద్యమం చేశారు. 1998లో రాష్ట్రపతి క్షమాభిక్షతో అది యావజ్జీవ శిక్షగా మారింది. హోల్కమ్‌లో ఉన్నవన్నీ ఇక్కడా ఉన్నాయి: కాస్త డబ్బు కోసం బయల్దేరడం, అనుకున్నదానికి మించి జరిగిన ఘోరం, శిక్ష ఎంత ఉండాలన్న వాదన. కానీ వాదనలో పడితే ఒకరు ఆ ఇద్దరి పేదరికం గురించే మాట్లాడతారు, ఇంకొకరు కాలిపోయిన పసిపిల్లల గురించే మాట్లాడతారు. ఒకళ్ళ మాట ఎత్తితే రెండోవాళ్ళకి ద్రోహం అన్నట్టుంటుంది. ఆ 23 మందికీ ఆ ఇద్దరికీ ఒకే పుస్తకంలో చోటిచ్చి, పేజీలు న్యాయంగా పంచి, రాసినవాళ్ళు తామెక్కడ నిలబడి రాస్తున్నారో దాచకుండా చెప్పే తెలుగు పుస్తకం నాకు కావాలి. కపోటి నేర్పూ కావాలి, కారెర్ సిగ్గూ కావాలి.

చదవాలనుకునేవారికి నా సలహా: ముందు ‘ఇన్ కోల్డ్ బ్లడ్’, వెంటనే ‘ది అడ్వర్సరీ’, ఆ తర్వాత మాల్కమ్. కపోటిని చదివేటప్పుడు చివరి సమాధుల దృశ్యం దగ్గర ఆగాల్సిన పని లేదు. రెండో భాగంలో, శవాలు దొరికాక డిటెక్టివులు నాన్సీ గది వెతుకుతున్న చోట ఆగండి. ఆ అమ్మాయి బంగారు వాచీ బీరువాలో ఒక చెప్పు లోపల దొరుకుతుంది. అంటే ఇంట్లోకి ఎవరో వచ్చారని ఆమెకి తెలిసింది, దొంగలనుకుంది, వాచీ దాచుకుంది. వాళ్ళు వాచీ పట్టుకుపోతారని మాత్రమే భయపడింది. ఇందులో కపోటి కల్పించింది ఏమీ లేదు. పెర్రీ గురించి రాసిన పేజీలన్నీ ఒక ఎత్తు, నాన్సీ తనకి తానుగా మనకి మిగిల్చిన ఈ ఒక్క ఆధారం ఒక ఎత్తు.